పిల్లి ఉన్న బంగళాలో సర్వి చెట్టు

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా మనవరాలు సుజాత రాస్తోంది. నా గొంతు బొంగురు, మధ్యలో దగ్గొస్తుంది. దగ్గులు రాయకు, మాటలే రాయి అన్నాను.

బంగళా పనికి పోయే ఆడపిల్లలు ఇప్పటికీ నా దగ్గరికొచ్చి అడుగుతారు. "అవ్వా, గిన్నెలు తోముడు వచ్చు, బట్టలు పిండుడు వచ్చు, ఇంకేం నేర్చుకోవాలె?" అని. గిన్నెలూ బట్టలూ చేతుల పని, అది ఎవరికైనా వస్తుంది. ఆ ఇంట్లో ప్రాణమున్నవి ఏమేమున్నాయి, అవి ఎక్కడ తిరుగుతాయి, దేనికి భయపడతాయి, ఏది కనబడితే నోట్లో పెట్టుకుంటాయి, అది తెలుసుకోవడం అసలు పని. నేను దాన్ని ఒక పిల్లి దగ్గర నేర్చుకున్నాను, క్రిస్మస్ నెలల్లో.

బంగళాకు రావడం

మాది నేత ఇల్లు, మట్టెవాడ వైపు. నా భర్త మగ్గం మీద కూర్చునే దగ్గి దగ్గి పోయాడు. ఆ తర్వాత అత్తగారింట్లో నన్ను ఎవరూ ఒక మాట అన్నది లేదు. కానీ నేను కండెలు చుట్టుకుంటూ ఎక్కడ కూర్చున్నా, "జర అటు జరుగు లచ్చమ్మా" అనేవాళ్లు. అటు జరిగితే ఇంకొకరు ఇటు జరగమనేవాళ్లు. అలా జరిగి జరిగి గడప బయటికొచ్చాను. హనుమకొండలో దవాఖాన బంగళాలో పనిమనిషి కావాలంటే వెళ్లాను.

అప్పుడు ఆ బంగళాలో ఒక మిషన్ దొరసాని ఉండేది. మంచిదే. కానీ చెప్పడమే తప్ప అడగడం తెలియని మనిషి. ఆమెకు ఒక తెల్ల పిల్లి ఉండేది. క్రిస్మస్‌కు సర్వి చెట్టు, అదే సరుగుడు, తెచ్చి హాల్లో నిలబెట్టేవాళ్లు. చెట్టున్నన్ని రోజులూ పిల్లిని స్నానాల గదిలో పెట్టి గొళ్లెం వేయించేది. అది లోపల అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేది. ఒకసారి నేను నీళ్లు పెడదామని తలుపు తీస్తే, నా కాళ్ల సందులోంచి దూరి, హాలంతా దాటి, నేరుగా చెట్టు కొస మీదికి ఎగబాకింది. బంధించినది వదలగానే ఎక్కడికి పోకూడదో అక్కడికే పోతుందని ఆ రోజే చూశాను. దొరసాని మాత్రం మరో గొళ్లెం పెట్టించింది.

ఆంధ్రా తెలంగాణా కలిసిన కొత్తలో ఆ దొరసాని వెళ్లిపోయి డాక్టరమ్మ వచ్చింది. గుంటూరు వైపు మనిషి. పెళ్లి చేసుకోలేదు. వెంట తల్లి ఉండేది. ఆమెను మేమంతా పెద్దమ్మగారు అనేవాళ్లం. వచ్చిన రోజే డాక్టరమ్మ నన్ను వంటింటి వెనక గదికి తీసుకెళ్లి, "ఇది నీది. ఇందులో నిన్నెవరూ జరగమనరు" అంది. నేను ఆమెకేమీ చెప్పుకోలేదు. ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వంటకు హసన్‌పర్తి దాసు ఉండేవాడు. చేతిలో గరిటె, నోట్లో మాట, రెండూ ఆగేవి కావు.

పిల్లి ఆ తర్వాత వచ్చింది. బియ్యం బస్తాల మీద ఎవరో వదిలి వెళ్లిన పిల్ల. పెద్దమ్మగారికి అప్పటికింకా కొంచెం చూపుంది. ఒళ్లో పెట్టుకుని, "గోధుమ పిండి రంగే ఇది" అంది. దాని పేరు గోధుమ అయింది. కొన్నాళ్లకే ఆమెకు చూపు పూర్తిగా పోయింది. అప్పుడు ఆమె గోధుమ మెడలో చిన్న గంట కట్టించింది. ఇంట్లో ఎవరెక్కడున్నారో ఆమెకు తెలియకపోయినా, పిల్లి ఎక్కడుందో తెలిసేది.

చెట్టు పడిన ఏడు

గోధుమ వచ్చాక మొదటి క్రిస్మస్‌కు దాసు తనకు తెలిసినవాళ్ల తోటలోంచి మనిషెత్తు సర్వి చెట్టు కొట్టుకొచ్చాడు. కిరసనాయిలు డబ్బాలో ఇసుక పోసి నాటాము. పచ్చగా ఉండాలని ఇసుక తడిపాము. కొమ్మలకు గాజు గుండ్లు, చిన్న చిన్న మైనం వత్తులు పెట్టాము.

పిల్లి ముందు చూసింది చెట్టును కాదు, ఇసుకను. హాలు మధ్యలో తనకోసమే ఎవరో మెత్తటి ఇసుక తెచ్చి పెట్టారనుకుంది. పని కానిచ్చి, ముందుకాళ్లతో కప్పెట్టి, తోక ఎత్తుకుని వెళ్లిపోయింది. దాసు చీపురు పట్టుకుని వెంటపడ్డాడు.

"లచ్చక్కా, సూస్తానవా? ఏసు ప్రభువు చెట్టు కింద ఏం పని జేసిందో సూసినవా గీ లంగ పిల్లి!"

"దానికేం తెలుస్తదిరా, ఇసుక పోసినోళ్లం మనం."

"నువ్వు గట్లనే ఎనకేసుకో. రేపు చెట్టెక్కుతది, అప్పుడు చెప్త."

మర్నాడు నిజంగానే ఎక్కింది. వత్తులు వెలిగించి ఉన్నాయి. సగం దూరం పోయేసరికి డబ్బాతో సహా చెట్టు పక్కకు ఒరిగి కిటికీ మీద పడింది. పరదా అంటుకుంది. దాసు పప్పు గిన్నె ఎత్తి పోసి ఆర్పాడు. పిల్లి మీసాలు ఒకవైపు కాలిపోయాయి. పరదా నిండా పప్పు.

డాక్టరమ్మ తల్లి ముందు కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "అమ్మా, పిల్లైనా ఉండాలి, చెట్టైనా ఉండాలి. వచ్చే ఏడు కాగితం చెట్టు చేయిస్తాను. నర్సులు బాగా చేస్తారు."

పెద్దమ్మగారు చేత్తో తడిమి పిల్లిని ఒళ్లోకి తీసుకుంది. తర్వాత అంది. "కాగితం చెట్టు మీకు కనబడుతుందే. నాకందులో ఏముంటుంది? పచ్చి ఆకు వాసనొస్తేనే నాకు పండగొచ్చినట్టు. పిల్లి ఒళ్లో ఉంటేనే నేను ఇంట్లో ఉన్నట్టు. ఇందులో ఏది తీసేస్తావో నువ్వే చెప్పు."

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "రెండూ ఉండాలంటే ఏం చెయ్యాలి లచ్చమ్మా?" అంది. దొరసానికీ డాక్టరమ్మకూ తేడా ఇదే. ఒకరు గొళ్లెం పెట్టించారు, ఒకరు అడిగారు. మీకు అడిగే యజమాని దొరికితే, తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదనీ చెప్పండి. నేను నాకు తెలియదనే చెప్పాను. చూసి నేర్చుకుందాం అన్నాను.

ఏడాదికొకటి నేర్చుకున్నవి

ఆ తర్వాత వచ్చిన క్రిస్మసుల్లో ఒక్కొక్కటే కుదిరింది.

చెట్టును గది మధ్యలో కాకుండా మూలకు పెట్టాము. పక్కన బీరువా, బల్ల, కుర్చీ ఏదీ లేకుండా చూశాము, ఎందుకంటే పిల్లి కింది నుంచి ఎక్కడం కంటే పక్క నుంచి దూకడమే ఎక్కువ. డబ్బాలో ఇసుక కింద బరువు రాళ్లు వేశాము. మగ్గం గుంజలు బిగించినట్టు చెట్టు నడుముకు తాడు కట్టి కిటికీ ఊచలకు రెండువైపులా లాగి కట్టాను. ఏనుగు ఊపినా కదలదు. వత్తులు మానేశాము. గాజు గుండ్లు పైకొమ్మలకే. అడుగు కొమ్మలకు గుడ్డతో కుట్టిన పిట్టలు, పడినా పగలవు, కొరికినా గుచ్చుకోవు. సంత్రా పండ్లు వచ్చే కాలం కదా, వాటి తొక్కలు డబ్బా చుట్టూ పరిచాను. గోధుమకు ఆ ఘాటు గిట్టదు. దగ్గరికొచ్చి, ముక్కు ముడిచి, వెనక్కి పోయేది. తొక్కలు ఎండితే ఆ బలం పోతుంది, రోజూ మార్చాలి. రాలిన సర్వి ఆకు పొద్దునా సాయంత్రం ఊడ్చాలి. అది సూదుల్లా ఉంటుంది, పాదాల్లో దిగుతుంది, తింటే కక్కుతుంది.

ఇసుక మీద మాత్రం గోనెపట్టా కప్పి, అంచు చుట్టూ తాడుతో బిగించేవాళ్లం. గోధుమ దాని చుట్టూ తిరిగి, గోనెను గీకి, మా వైపు చూసేది. దాసు, "ఏం సూస్తానవ్, దుకాణం బందయింది, పో" అనేవాడు. అది వర్షమైనా చలైనా వెనక దొడ్లోకి పోయి వచ్చేది.

ఇలా రెండూ ఉన్నాయి. పెద్దమ్మగారు చెట్టు పక్కన కుర్చీ వేయించుకుని, ఒళ్లో పిల్లితో, ఆకు నలిపి వాసన చూసుకుంటూ కూర్చునేది. ఇక నేర్చుకోవాల్సింది ఏమీ లేదని అనుకున్నాం.

మరిది తెచ్చిన పోగులు

ఒక ఏడు మా మరిది సాంబయ్య భార్యకు కాన్పు కష్టమైంది. డాక్టరమ్మ తల్లినీ బిడ్డనూ ఇద్దర్నీ దక్కించింది. క్రిస్మస్ ముందు సాంబయ్య బంగళాకు వచ్చాడు. చంకలో ఎర్రవీ పచ్చవీ పోగుల చుట్ట.

మా నేత ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీద బట్ట కోసి తీశాక చివర కొన్ని పోగులు మిగిలిపోతాయి. వాటిని పారెయ్యరు. కట్ట కట్టి దాచి, కావలసినవాళ్లకు ఇస్తారు. అవి ఇవ్వడమంటే మా చేతి పనిలోంచి ఇచ్చినట్టే.

"అమ్మా, మా ఇంట్ల మీకిచ్చేటంత పెద్దది ఏం లేదు," అన్నాడు సాంబయ్య. "గీ పోగులున్నయ్. మీ చెట్టుకు గాజు గుండ్లు కడుతరని వదినె చెప్పింది. దుకాణం దారం లెక్క కాదు, గుంజినా తెగది."

డాక్టరమ్మ ఒక పోగు తీసి రెండు చేతులతో లాగి చూసింది. తెగలేదు. "ఎంత గట్టిగా ఉన్నాయయ్యా! మా దారాలు తెగి ప్రతి ఏడూ రెండు గుండ్లు పగులుతాయి. ఈసారి చెట్టంతా వీటితోనే" అంది. సాంబయ్య ముఖం వెలిగిపోయింది. నాకూ మనసు నిండింది. ఆ ఏడు చెట్టు మీద గుండ్లూ పిట్టలూ అన్నీ ఆ పోగులతోనే కట్టాము. కొసలు ముచ్చటగా వేలాడుతుంటే అలాగే వదిలేశాము.

ఆ పోగులకు అంత గట్టితనం ఎక్కడిది? గంజిది. నేత మొదలు పెట్టే ముందు పోగులన్నిటినీ వీధిలో పొడుగ్గా పరిచి, బియ్యపు గంజి పట్టించి, కుంచెతో నూనె దువ్వుతారు. నేత ఇళ్లలో ఎలుకల కోసం పిల్లిని పెంచుతారు. గంజి పెట్టే రోజు మాత్రం మా అత్త దానికి కడుపునిండా అన్నం పెట్టి, ఇంట్లో వేసి తలుపు మూసేది. గంజి, నూనె వాసనకు పిల్లి పోగు వదలదు. నాకు తెలుసు, సాంబయ్యకు తెలుసు. కానీ అక్కడ కళ్ల ముందు మగ్గం లేదు, వీధి లేదు, పండగ చెట్టుంది. మా ఇద్దరికీ ఆ సంగతి తోచనే లేదు.

ఎర్ర కొస

పండగకు ముందు రోజు పొద్దున పెద్దమ్మగారు పిలిచింది. "లచ్చమ్మా, గోధుమ గంట మోగడం లేదే. ఒళ్లోకి రావడం లేదు. ఎక్కడుందో చూడు."

బల్ల కింద ముడుచుకుని ఉంది. నోట్లోంచి సొంగ కారుతోంది. పాలు పెడితే వాసన చూసి ముఖం తిప్పుకుంది. పక్కన కక్కిన మరక. నోటి మూలన ఎర్రటి కొస ఒకటి, బియ్యపు గింజంత, బయటికి కనబడుతోంది.

దాసు వచ్చి వంగి చూశాడు. "గిదేనా! దారం తట్టుకున్నది. గుంజితే అయిపోతది" అని రెండు వేళ్లతో కొస పట్టుకున్నాడు.

"లాగకు!" వెనక నుంచి డాక్టరమ్మ అరిచింది. ఆమె అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "చెయ్యి తియ్యి దాసూ. లోపల పేగుల్లోకి పోయి ఉంటే, లాగితే కత్తిలా కోసేస్తుంది."

దాసు చెయ్యి తీసి ఒంటికి తుడుచుకున్నాడు. పశువుల దవాఖానకు పరుగెత్తి, అంతలోనే తిరిగి వచ్చాడు. "పశువుల డాక్టరు తాన ఉన్న సూదులన్నీ బర్రెలకేనట. పిల్లికి సూదేసిన మొఖం ఈ జిల్లాలనే లేదంటాండు."

డాక్టరమ్మ చీర కొంగు బిగించింది. "నేను తల్లులకు చేస్తాను గానీ పిల్లులకు ఎప్పుడూ చేయలేదు. పట్టుకో లచ్చమ్మా."

తువ్వాలులో గోధుమను బిడ్డలా చుట్టి కిటికీ వెలుగుకు పట్టుకున్నాను. డాక్టరమ్మ చెంచా కాడతో నోరు తెరిచి, నాలుక పైకెత్తింది. పోగు నాలుక అడుగున మెలికపడి బిగిసి ఉంది. మిగతాది గొంతులోకి పోయింది. చిన్న కత్తెరతో ఆ మెలిక ఒక్కటే తెంపింది. గొంతులోకి పోయినదాన్ని ముట్టుకోలేదు. దవాఖానలోంచి తెచ్చిన ఏదో నూనె కొంచెం కొంచెం నోట్లో వేసింది.

"ఇక మనం చేసేది లేదు," అంది. "లోపలి పోగు కదిలి బయటికొస్తే బతుకుతుంది. చిక్కుకుంటే లేదు. చూస్తూ ఉండాలి."

పెద్దమ్మగారు చేతులు చాపింది. పిల్లిని ఆమె ఒళ్లో పెట్టాను. సాయంత్రం దాకా ఆమె దాని పొట్ట మీద చెయ్యి తీయలేదు. విషయం విని సాంబయ్య వచ్చి గుమ్మంలో నిలబడి, "నా పోగులే గద అమ్మా" అని ఏడుపు ముఖం పెట్టాడు. పెద్దమ్మగారు గొంతు వచ్చిన వైపు తిరిగి, "నువ్వు ప్రేమతో తెచ్చావు నాయనా. అది ప్రేమతో తినేసింది. నువ్వు ఇంటికి పో, పచ్చి బాలింత ఎదురుచూస్తుంటుంది" అని పంపించింది.

ఇసుక చప్పుడు

పండగ పొద్దున కూడా గోధుమ ఏమీ ముట్టలేదు. అది దొడ్డికి కూర్చుంటుందని పళ్లెంలో బూడిద పోసి వరండాలో పెట్టాము. కాలు కూడా పెట్టలేదు.

పెద్దమ్మగారు అంది. "చెట్టు తీసేయండి."

డాక్టరమ్మ ఆశ్చర్యంగా చూసింది. "అమ్మా, సాయంత్రం నర్సులు పాటలు పాడటానికి వస్తారు."

"తీసేయండే. ఈ వాసన నేను పీలుస్తూ, ఇది ఇలా పడి ఉండటం నావల్ల కాదు. ఇక ఈ ఇంట్లోకి చెట్టు వద్దు."

దాసూ నేనూ పని మొదలు పెట్టాము. పోగులన్నీ ఒక్కొక్కటే తెంపి సంచిలో వేశాను. ఒక్కటి కూడా నేల మీద పడనివ్వలేదు. గుండ్లు, పిట్టలు తీసి పెట్టెలో సర్దాము. కిటికీకి కట్టిన తాళ్లు విప్పాము. డబ్బా మీది గోనెపట్టా తీసి మడిచాను. ఇక రాళ్లు తీయడానికి దాసు వంగాడు.

గంట చప్పుడైంది.

గోధుమ పెద్దమ్మగారి ఒళ్లోంచి దిగింది. నిన్నటి నుంచి నిలబడలేనిది, నాలుగు కాళ్ల మీద నిలబడింది. వణుకుతూ, నేల వాసన చూసుకుంటూ వచ్చింది. ఎండిన సంత్రా తొక్కల్ని దాటింది. డబ్బా అంచు మీద కాళ్లు వేసి, ఒకసారి జారి, మళ్లీ ఎక్కి, ఇసుకలోకి దిగింది.

దాసు అలవాటు కొద్దీ చెయ్యెత్తాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

ఇసుక గీకుతున్న చప్పుడు. గదిలో అదొక్కటే.

"ఏం చేస్తోంది?" అంది పెద్దమ్మగారు. తర్వాత ఆమెకే అర్థమైంది. "ఎవరూ కదలకండి. ఎవరూ అదిలించకండి."

డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. పిల్లి పని కానిచ్చి, కప్పెట్టి, దిగి పోయాక, ఒక పుల్లతో ఇసుక కదిపి చూసింది. అంత పెద్ద డాక్టరమ్మ, ఎందరు బిడ్డల్ని చేతుల్లోకి తీసుకుందో, ఆ పుల్ల కొసన ఎర్రటి పోగు పైకెత్తి, దీపం చూపించినట్టు మాకు చూపించింది.

"వచ్చేసిందమ్మా. మొత్తం వచ్చేసింది."

పెద్దమ్మగారు కొంగు నోట్లో పెట్టుకుంది. గోధుమ నేరుగా వంటింట్లోకి పోయి, పాల గిన్నె ముందు కూర్చుని దాసును పిలిచింది. "వస్తాన్న మహారాణీ, వస్తాన్న," అంటూ వాడు కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తాడు.

చెట్టును బయటికి మోయలేదు. తాళ్లు మళ్లీ కట్టాము. దాని మీద ఏమీ పెట్టలేదు. సాయంత్రం నర్సులు వచ్చి చూసి, "ఇదేంటి, చెట్టు బోడిగా ఉంది, ఇంట్లో అందరూ ఇంత సంతోషంగా ఉన్నారు?" అన్నారు. దాసు తడుముకోకుండా చెప్పాడు. "పిల్లికి దొడ్డికయింది, గందుకు."

పిల్లలకు నేను చెప్పేది

ఆ తర్వాత చెట్టుకు పోగు గానీ దారం గానీ, వేలాడేది ఏదీ కట్టలేదు. ఈతాకుతో క్రిస్మస్ చుక్కలు అల్లి, చీలిక పెట్టి కొమ్మకు గుచ్చేవాళ్లం. పిల్లి కొరికినా ఆకే కదా. పిల్లి నోట్లో దారం కనబడితే లాగకండి. ఇది మీకు ఇంకెక్కడా చెప్పకపోతే నా దగ్గరే విన్నామని గుర్తు పెట్టుకోండి.

ఇంకొకటి నాకు నేను చెప్పుకున్నది. అన్నేళ్లూ మేము ఆ పిల్లిని చెట్టు దగ్గరి నుంచి అదిలించడానికి రాళ్లు వేశాం, తాళ్లు కట్టాం, తొక్కలు పరిచాం, గోనె కప్పాం. అది అడిగింది కొంచెం ఇసుక. ఇస్తే సరిపోయేదని ఒక్కరికీ తోచలేదు. అటు జరుగు, ఇటు జరుగు అని వినీ వినీ వచ్చిన దాన్ని, నాకైనా తోచాల్సింది.

ఆ పండగ మర్నాడు డాక్టరమ్మ ఇంకో డబ్బా తెప్పించి, సగానికి కోయించి, నిండా ఇసుక పోయించి, వరండాలో నీడకు పెట్టించింది. "ఇది నీదే గోధుమా," అంది. నాకు గది చూపించిన రోజు గొంతే అది. గోధుమ వచ్చి దాని చుట్టూ తిరిగింది. అంచు వాసన చూసింది. మా ముఖాలు చూసింది. వెనక్కి తిరిగి, హాల్లోకి పోయి, చెట్టు డబ్బాలోకే ఎక్కింది.

"సూసినవా అక్కా!" అని దాసు నెత్తి కొట్టుకున్నాడు.

"పోనీండిరా," అంది పెద్దమ్మగారు కుర్చీలోంచి, ఆకు నలుపుకుంటూ. "అలవాటయ్యేదాకా అక్కడే కానివ్వండి."

చెట్టు ఎండి బయటికి పోయేదాకా ఆ డబ్బా గోధుమదే. పొద్దున లేవగానే పాత ఇసుక తీసి కొత్త ఇసుక పోసేదాన్ని. ఆ బంగళాలో నాకెవరూ చెప్పకుండా, నేను ఇష్టపడి చేసిన మొదటి పని అదే.